ఎండను దాచుకునే దీపం

2018 అక్టోబరు 11. తెల్లవారుజాము. తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడిచెట్లు కూలిపోయాయి. వాటితోపాటు కరెంటు స్తంభాలు వేలల్లో పడిపోయాయి. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అంతకు నాలుగేళ్ల ముందు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. అప్పుడూ అంతే. విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం, మూడు జిల్లాల్లోనూ చీకటి.

కరెంటు పోతే ఇంట్లో కొవ్వొత్తి పెట్టుకుంటాం. మరి బయట? కొవ్వొత్తి గాలికి నిలవదు. మరుగుదొడ్డి పెరట్లో ఉంటుంది. సాలలో ఆవు ఈనుతూ ఉంటుంది. నుయ్యి చీకట్లో ఉంటుంది. కూలిన కొమ్మల కింద పాముందో, తెగిన కరెంటు తీగ ఉందో కంటికి కనబడదు.

తుపాను లేని రోజుల్లో మాత్రం ఏమైనా తేడా ఉందా? వీధి దీపం వీధికే. పెరటికి దాని వెలుగు రాదు. కట్లపాము తిరిగేది రాత్రిపూటే. రాత్రి రెండు గంటలకు పిల్లను తీసుకుని పెరట్లోకి వెళ్లే తల్లికి నాలుగు అడుగుల దూరం కనబడితే చాలు. అంత వెలుగు సోలార్ దీపం ఇవ్వగలదు.

"కొన్నాం. రెండు నెలలు వెలిగింది. ఆరిపోయింది. సోలారంటే ఇంతే" అనే వాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. నిజమే, ఆరిపోయిన దీపాలు చాలా ఉన్నాయి. కానీ అందులో ఎక్కువ తప్పు సూర్యుడిది కాదు. కొనేటప్పుడు పెట్టె మీద రాసింది ఎవరూ చదవలేదు. కొన్నాక దీపాన్ని నీడలో పెట్టారు. ఇప్పుడు మనకు చదువు వచ్చింది. అంకెలు వచ్చాయి. చదివి కొందాం.

దీపంలో ఏముంది?

పైన నల్లటి పలక ఉంటుంది. దుకాణంలో దాన్ని ప్యానెల్ అంటారు. మనవాళ్లు ప్లేటు అంటారు. మనం కూడా ప్లేటు అనే అందాం. అది సిలికాన్‌తో చేసింది. సిలికాన్‌ను ఇసుకలాంటి రాతి నుంచి తీస్తారు. దాని మీద ఎండ పడితే కరెంటు పుడుతుంది. 1954లో అమెరికాలో ఇలాంటి ప్లేటు తయారైంది. 1958లో దాన్ని ఆకాశంలో తిరిగే ఉపగ్రహానికి కట్టి పంపారు. అప్పట్లో అది చాలా ఖరీదు. ఇప్పుడు మన సంతలోకే వచ్చేసింది.

ప్లేటు కింద బ్యాటరీ ఉంటుంది. పండిన ధాన్యాన్ని గాదెలో పోసి ఏడాదంతా తింటాం కదా? బ్యాటరీ కూడా గాదె లాంటిదే. పగలు నిండుతుంది, రాత్రి ఖాళీ అవుతుంది. మూడోది బల్బు. ఇది ఎల్.ఇ.డి. బల్బు. కొంచెం కరెంటుతో బాగా వెలుగుతుంది.

పొలం చిన్నదైతే గాదె నిండదు. గాదె చిన్నదైతే పండింది దాచుకోలేం. తినేవాళ్లు ఎక్కువైతే గాదె ముందే ఖాళీ అవుతుంది. దీపం సంగతీ ఇంతే. ప్లేటు, బ్యాటరీ, బల్బు మూడూ ఒకదానికొకటి సరిపోవాలి.

పెట్టె మీద ఏం రాశారు?

అత్తాకోడళ్లు ఇద్దరు దీపం కొనడానికి దుకాణానికి వెళ్లారనుకోండి. అది రాజాం కావచ్చు, బొబ్బిలి కావచ్చు, కాశీబుగ్గ కావచ్చు. దుకాణం అబ్బాయి ఒక దీపం చూపించాడు. పెట్టె మీద 200 వాట్లు అని పెద్ద అంకెలు ఉన్నాయి.

"ఏటి బాబూ ఇది? ప్లేటు సూస్తే అరచెయ్యంత నేదు. 200 వాట్లని రాసీసినారు!" అంది అత్త.

"కంపెనీ వాళ్లు రాసిందేనమ్మా. ఎలుగు సూడండి" అని అబ్బాయి దీపం వెలిగించాడు. కళ్లు జిగేల్‌మన్నాయి.

"ఎలుగు ఇప్పుడు బానే ఉంది. తెల్లారగట్ల మూడింటికి ఉంటాదా?" అంది కోడలు. "బ్యాటరీ ఎంతో సెప్పు."

అబ్బాయి పెట్టెను అటూ ఇటూ తిప్పాడు. బ్యాటరీ సంగతి ఎక్కడా రాసి లేదు.

"ఐతే ఇది ఒద్దు. బ్యాటరీ రాసి ఉన్నదేదో తియ్యి" అంది అత్త.

అత్త కంటితోనే సరిగ్గా లెక్క కట్టింది. మంచి ప్లేటు అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉంటే మిట్టమధ్యాహ్నం ఎండలో 15, 18 వాట్లు ఇస్తుంది. బడిపిల్లల రాతపలకంత ఉంటే 8 నుంచి 10 వాట్లు. అరచెయ్యంత ఉంటే ఒకటిన్నర, మహా అయితే 2 వాట్లు. అరచేతిలో 200 వాట్లు పండవు. ఆ అంకె అమ్ముకోవడానికి వేసింది.

ఇప్పుడు రాత్రి లెక్క చూద్దాం. మన వైపు మబ్బులేని రోజున గట్టి ఎండ సుమారు 5 గంటల లెక్కకు వస్తుంది. పొద్దున, సాయంత్రం ఉండే మెత్తని ఎండను కూడా అందులో కలిపేసినట్టే. జాగ్రత్త కోసం 4 గంటలే అనుకుందాం. ప్లేటు 5 వాట్లది. 5ను 4తో గుణిస్తే 20. ఇందులో మూడో వంతు దారిలోనే పోతుంది. కొంత వేడికి, కొంత దుమ్ముకు, కొంత బ్యాటరీలోకి ఎక్కి దిగేటప్పుడు. మిగిలేది సుమారు 13. అంటే 1 వాటు బల్బు 13 గంటలు వెలుగుతుంది. తెల్లవార్లూ వచ్చినట్టే. అదే 3 వాట్ల బల్బు అయితే నాలుగు గంటలకే ఆరిపోతుంది.

బ్యాటరీ లెక్క వేరు. పెట్టె మీద ఒక అంకె పక్కన వి అనే ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. అది వోల్టులు. ఇంకో అంకె పక్కన ఎం, ఏ, హెచ్ అనే మూడు అక్షరాలు ఉంటాయి. ఆ అంకెలో చివరి మూడు సున్నాలు తీసెయ్యండి. 6000 ఉంటే 6 అవుతుంది. దాన్ని వోల్టులతో గుణించండి. 3.2 వోల్టులైతే 19.2 వచ్చింది. అంటే 1 వాటు బల్బు 19 గంటలు వెలిగేంత సరుకు ఆ గాదెలో పడుతుంది. ఒక రాత్రికి పోగా కొంత మిగులుతుంది. మబ్బు పట్టిన మర్నాటికి ఆ మిగులే ఆదుకుంటుంది. ఆషాఢం, శ్రావణంలో ఈ మిగులు లేని దీపం పనికిరాదు.

ఇంకో గుర్తు కూడా వెతకండి. ఐ, పి అనే రెండు అక్షరాల పక్కన రెండంకెల సంఖ్య ఉంటుంది. 65 ఉంటే దుమ్ము లోపలికి పోదు, వాన జల్లు కొట్టినా నీరు దిగదు. 44 ఉంటే చూరు కింద పెట్టుకోవచ్చు. వానలో వదిలెయ్యకూడదు. బిల్లు అడిగి తీసుకోండి. గ్యారంటీ కాగితం మీద తేదీ వేయించండి. బ్యాటరీ పోతే మార్చుకోవడానికి మర తీసే వీలుందా? లేకుండా అతికేసిన దీపమైతే, బ్యాటరీ పోయిన రోజే దీపమూ పోతుంది.

ఎక్కడ పెట్టాలి?

ముందు ఒక రాత్రి దీపం లేకుండా పెరట్లో నిలబడి చూడండి. కాలు ఎక్కడ తడబడుతుంది? మెట్టు దగ్గరా, నూతి గట్టు దగ్గరా, సాల గుమ్మం దగ్గరా? వెలుగు అక్కడ పడాలి. చాలామంది దీపాన్ని వీధి గుమ్మం మీద పెడతారు. నలుగురికీ కనబడుతుంది, నిజమే. కానీ రాత్రి మనం నడిచేది వెనక వైపు.

వెలుగు కావాల్సిన చోట ఎండ ఉండకపోవచ్చు. అప్పుడు ప్లేటు విడిగా, బల్బు విడిగా, మధ్యలో తీగ ఉన్న దీపం కొనాలి. ప్లేటు ఇంటి కప్పు మీద ఉంటుంది. బల్బు సాలలో ఉంటుంది. మన ఊళ్లకు నా ఓటు ఈ రకానికే. ఎందుకంటే మన ఇళ్ల చుట్టూ కొబ్బరి, మామిడి, పనస చెట్లు ఉంటాయి. ఒక్క కొబ్బరిమట్ట నీడ ప్లేటు మీద అడ్డంగా పడినా కరెంటు బాగా తగ్గిపోతుంది. ప్లేటులో గళ్లన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా కలిపి ఉంటాయి. బోదెలో ఒకచోట మట్టిపెళ్ల పడితే కింది మడులన్నిటికీ నీరు తగ్గదా? ఇదీ అలాంటిదే. పొద్దున తొమ్మిదికి, మధ్యాహ్నం, మూడు గంటలకు వెళ్లి నీడ ఎక్కడుందో చూసి రండి.

ప్లేటు ముఖం దక్షిణం వైపు ఉండాలి. మే నెల మధ్యలోనూ, జూలై చివర్లోనూ మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తి మీద ఉంటాడు. మిగతా ఏడాదిలో ఎక్కువ రోజులు దక్షిణానికి ఒరిగి ఉంటాడు. సంక్రాంతి రోజుల్లో ఇంకా బాగా ఒరుగుతాడు. మూడు అడుగుల ప్లేటైతే ఉత్తరం కొసను అడుగు ఎత్తు లేపండి. వాన నీరు కూడా జారిపోతుంది.

చీకటి పడగానే దీపం తనంతట తానే వెలుగుతుంది. ప్లేటు మీద ఎండ పోయిందని తెలిసి వెలుగుతుంది. అందుకే ప్లేటు మీద వీధి దీపం వెలుగు పడితే అది ఇంకా పగలే అనుకుంటుంది, వెలగదు. పాడైపోయిందని దుకాణానికి పట్టుకెళ్లే ముందు ఇది చూసుకోండి. మనిషి కదిలితే వెలిగే దీపాలు కూడా ఉన్నాయి. అవి బ్యాటరీని బాగా ఆదా చేస్తాయి. కానీ సాలలో పెడితే ఆవు కదిలినప్పుడల్లా వెలుగుతాయి.

తెల్లటి వెలుగుకు పురుగులు ఎక్కువ వస్తాయి. పురుగుల కోసం కప్పలు, బల్లులు వస్తాయి. కప్పల కోసం పాములు వస్తాయి. పాము భయంతో పెట్టిన దీపం పామునే పిలవకూడదు కదా? పసుపు రంగు వెలుగు తీసుకోండి. దీపాన్ని గుమ్మం నెత్తిన కాకుండా కాస్త దూరంగా, నేల వైపు వంచి పెట్టండి. దీపం ఉన్నా చెప్పులు వేసుకోండి, చేతికర్ర పట్టుకోండి. పాము కరిస్తే కోత కొయ్యకండి, తాడుతో బిగించకండి, నాటుమందు కోసం ఆగకండి. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

సముద్రం ఒడ్డున ఉండేవాళ్లకు ఒక మాట. మన తీరానికి జనవరి నుంచి ఏప్రిల్ దాకా తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల వెలుగున్న వైపు నడుస్తుంది. మన దీపం ఇసుక మీద పడితే అది సముద్రానికి పోకుండా ఊళ్లోకి వస్తుంది. కుక్కల పాలవుతుంది. ఆ నెలల్లో దీపాన్ని ఊరి వైపు తిప్పి పెట్టండి. ఉప్పుగాలికి ఇనుప మరలు తుప్పు పడతాయి. స్టీలు మరలు వాడండి.

తుపాను కబురు వస్తే

కొన్న కొత్తలో దీపం మీట ఆపి రెండు రోజులు మంచి ఎండలో ఉంచండి. తరవాత పదిహేను రోజులకోసారి తడిగుడ్డతో ప్లేటు తుడవండి. కళ్లం దగ్గరుంటే, నూర్పిళ్ల రోజుల్లో వారానికోసారి తుడవాలి. పెద్ద బ్యాటరీకి నీళ్లు పోసే రకమైతే దుకాణంలో అమ్మే డిస్టిల్డ్ నీళ్లే పొయ్యండి. నూతి నీళ్లు పోస్తే పాడైపోతుంది. చిన్న బ్యాటరీ పాడైతే పగలగొట్టకండి, పొయ్యిలో వెయ్యకండి. పేలుతుంది.

అక్టోబరు, నవంబరు మన తుపాను నెలలు. హెచ్చరిక రేడియోలోనో ఫోన్‌లోనో రాగానే మర తిప్పి ప్లేటును, దీపాన్ని దించండి. ఇంట్లో పెట్టండి. అందుకే సిమెంటులో పాతేసిన దీపం కంటే దించుకునే దీపం మేలు. ఈలోపు బ్యాటరీ నిండి ఉంటే గాలి తగ్గిన రాత్రికి అది చేతి దీపంగా పనికొస్తుంది.

కప్పు మీద పెద్ద ప్లేట్లు పెట్టించుకునే వాళ్లు కూడా ఇది తెలుసుకోవాలి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఇంటి కప్పు మీద ప్లేట్లకు సబ్సిడీ ఇస్తున్నారు. అది పెరటి దీపానికి ఇచ్చేది కాదు. ఇంకో సంగతి. కరెంటు లైనుకు కలిపిన ప్లేట్లు లైనులో కరెంటు పోతే తామూ ఆగిపోతాయి. లైను మీద పని చేసే మనిషికి షాక్ కొట్టకూడదని అలా చేశారు. విడిగా బ్యాటరీ పెట్టించుకోకపోతే తుపాను రాత్రి ఆ ఇంట్లోనూ చీకటే. ఆ పెద్ద ప్లేట్లున్న ఇంటికి కూడా పెరట్లో చిన్న దీపం ఒకటి ఉండాలి.

లెక్క చేసి చూడండి

ఒక పెట్టె మీద ఇలా ఉంది. ప్లేటు 3 వాట్లు. బ్యాటరీ 3.2 వోల్టులు, 3000 ఎం.ఏ.హెచ్. బల్బు 1 వాటు.

ప్లేటు రోజుకు ఎంత తెస్తుంది? 3ను 4తో గుణిస్తే 12. మూడో వంతు తీసేస్తే 8. బ్యాటరీలో ఎంత పడుతుంది? 3ను 3.2తో గుణిస్తే 9.6. తెచ్చిన 8 అందులో పడుతుంది. 1 వాటు బల్బు 8 గంటలు వెలుగుతుంది. సాయంత్రం 6 గంటలకు వెలిగితే రాత్రి 2 గంటలకు ఆరిపోతుంది.

ఇంకో పెట్టె మీద ప్లేటు 6 వాట్లు, బ్యాటరీ 3.2 వోల్టులు, 5000 ఎం.ఏ.హెచ్., బల్బు 1 వాటు అని ఉంది. ఇది ఎన్ని గంటలు వెలుగుతుంది? రెండో రోజు మబ్బు పడితే ఆ రాత్రికి ఎంత మిగిలి ఉంటుంది?