టచింగ్ ఎక్కడ ఆపాలి

పోర్ట్రెయిట్ తియ్యడం నేర్చుకుంటున్న పిల్లలు తరచుగా అడిగే ప్రశ్న ఇదే: "ఎంతవరకు ఎడిట్ చెయ్యొచ్చు సార్?" స్టూడియోలో తలపండిన వాడిగా నాకు తెలిసినంతలో చెబుతాను.

1. టచింగ్ కంప్యూటర్‌తో పుట్టింది కాదు. మ్యూనిక్ ఫోటోగ్రాఫర్ ఫ్రాంజ్ హాన్ఫ్‌స్టాంగ్ల్ 1855లోనే పారిస్ ప్రదర్శనలో టచింగ్ చేసిన నెగటివ్‌ను పెట్టాడు. మన దగ్గరా ఫిల్మ్ రోజుల్లో నెగటివ్ వెనక దీపం పెట్టుకుని, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో మశూచి గుంటలు పూడ్చేవాళ్ళం. నెగటివ్ మీద పెన్సిల్ పడ్డచోట ప్రింటులో తెలుపు తేలుతుంది. నలుపు కావాలంటే బ్లేడుతో గీకాలి. గీకింది మళ్ళీ రాదు కాబట్టి చెయ్యి భయంభయంగా కదిలేది. 2002లో ఫోటోషాప్ 7.0తో హీలింగ్ బ్రష్ వచ్చాక ఆ భయం పోయింది. ఎక్కడ ఆపాలో ఇప్పుడు పనిముట్టు చెప్పదు, మనమే తేల్చుకోవాలి.

2. రెండు వారాల్లో దానంతటదే పోయేదాన్ని తీసెయ్యండి. మొటిమ, గడ్డం గీసుకున్న గాటు, దోమకాటు, నుదుటి మీదికి ఎగిరిన వెంట్రుక, ఇవన్నీ ఆ రోజువే తప్ప ఆ మనిషివి కావు. పుట్టుమచ్చ, పాత దెబ్బ మచ్చ, నవ్వితే కళ్ళ చివర పడే గీతలు ఉండాల్సిందే. తన మచ్చ తీసెయ్యమని ఆ మనిషే నోరు తెరిచి అడిగితే నేను కాదనను, ముఖం వాళ్ళది. పక్కన నిలబడ్డ బంధువు అడిగితే మాత్రం చెయ్యను. కళ్ళ కింద నలుపును వేరే లేయర్‌లో తగ్గించి, ఆ లేయర్ ఒపాసిటీని సగానికి దించి చూడండి. చాలాసార్లు ఆ సగమే సరిపోతుంది.

3. ఒంటి రంగు జోలికి పోవద్దు. ఈ మాట దగ్గర నేను ఎవరితోనూ రాజీపడను. పెళ్ళిచూపులకు పంపే ఫోటో అనగానే "కొంచెం తెల్లగా చెయ్యండి" అంటారు, అమ్మాయి పక్కనే కూర్చుని వింటుండగా. ట్యూబులైటు కింద ఆకుపచ్చ తిరిగిన ముఖాన్ని అసలు రంగుకు తేవడం మన పని. చామనఛాయను పాలతెలుపు చెయ్యడం మన పని కాదు. అలా చేసినా చెవులు, మెడ, గాజుల పైన మోచెయ్యి గుట్టు బయటపెడతాయి. ఫోటో చూసి వచ్చినవాళ్ళు మనిషిని చూసి మొహం చిట్లిస్తే, ఆ అవమానం పడేది ఆ పిల్లే, మనం కాదు.

నలుపు ముఖం బాగా రాలేదంటే లోపం లైటింగ్‌లో ఉంది. తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ ముందు ఆటో మోడ్‌లో తీస్తే కెమెరా ఆ తెలుపుకు మోసపోయి ముఖాన్ని ఇంకా చీకటి చేస్తుంది. ఎక్స్‌పోజర్ కాస్త పెంచండి. వెనక బూడిదరంగో, ముదురు రంగో వెయ్యండి. పెద్ద సాఫ్ట్‌బాక్స్‌ను పక్క నుంచి పెడితే దవడ ఎముక మీద పడే మెరుపును ఏ బ్రష్షూ తేలేదు.

4. ముక్కు పెద్దగా వచ్చిందా? ఆకారం మార్చే లిక్విఫై తెరవకండి, వెనక్కి జరగండి. 12 అంగుళాల దూరంలో తీసిన సెల్ఫీలో మగవాళ్ళ ముక్కు, 5 అడుగుల నుంచి తీసినదానికంటే సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 85 ఎం.ఎం. లెన్సు పెడితే ఆ దూరం దానంతటదే కుదురుతుంది. జిడ్డు మెరుపు కూడా అంతే, క్లిక్ చేసేముందు టిష్యూతో అద్దితే పోతుంది.

5. పాస్‌పోర్టు ఫోటోకు టచింగ్ అసలే వద్దు. అది అందం కోసం కాదు, ఆనవాలు కోసం.

6. పోయినవాళ్ళ ఫోటో దగ్గర మరీ జాగ్రత్త. దినానికి పటం కట్టించడానికి ఓసారి ఒక ఇంటివాళ్ళు పెద్దావిడ ఫోటో తెచ్చారు. ఫోన్‌లో ఏదో ఏఐ యాప్‌తో అప్పటికే "క్లియర్" చేయించారు. రెప్పల వెంట్రుకలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది. పెదాల మధ్య తెల్లటి వరస పళ్ళు. కూతురు చూసి, "మా అమ్మ కాదండీ ఈవిడ" అంది. అసలు ఫోటో తెప్పించాను. ఏదో పెళ్ళిలో తీసిన గ్రూపు ఫోటో, అందులో ఆవిడ ముఖం బొటనవేలి గోరంత. ఆకూవక్కా నమిలి ఎర్రబడ్డ పళ్ళు, బరువైన ముక్కుపుడకకు సాగిన రంధ్రం. యాప్‌కు అవి కనిపించక, లేని వివరాలను తనకు తోచినట్టు అల్లేసింది.

గీతలు, మరకలు మాత్రం తుడిచి, ఆ మసక మసకగానే ప్రింటు వేసి ఇచ్చాను. వాళ్ళు దాన్నే పటం కట్టించారు. ఇలాంటి ఫోటో చేతికొస్తే ముందు 600 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చెయ్యండి. ఆ ఫైలును ముట్టుకోకుండా దాచి, కాపీ మీదే పని చెయ్యండి. పని అయ్యాక రెండూ ఇంటివాళ్ళకు ఇచ్చెయ్యండి.