మదనపల్లె పట్టణమును క్షయరోగ నివారణమును

1. మదనపల్లె సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడిన యెత్తున నున్న వ్యవసాయ పట్టణము. ఇది 1911వ సంవత్సరము వరకు కడప జిల్లాలోను, పిమ్మట చిరకాలము చిత్తూరు జిల్లాలోను చేరి, ఆంగ్ల ప్రభుత్వ కాలమున సబుకలెక్టరు కచేరికి స్థానమై యుండెను. వేరుసెనగ, పట్టు, టమాటా ఇచ్చటి ముఖ్యోత్పత్తులు.

2. ఇచ్చటి పొడిగాలి క్షయరోగులకు హితకరమని యెంచి, క్రైస్తవ మిషను సంఘములు కొన్ని కూడి 1912లో నొక చికిత్సాలయమును నెలకొల్పినవి. 1915లో నది పట్టణమునకు వెలుపల నిప్పుడున్న తావునకు మార్చబడెను. అదియే ఆరోగ్యవరము. డెన్మార్కు దేశస్థుడగు డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలరు దానికి తొలి వైద్యాధ్యక్షుడు. రోగక్రిములను జంపు మందు లేని యా దినములలో విశ్రాంతి, నిర్మలవాయువు, పుష్టికరాహారము, కొందరికి ఊపిరితిత్తిని అణచి యుంచు చికిత్స మాత్రమే వైద్యులకు సాధనములు.

3. అయినను, మంచము దొరకిన రోగి యొక్కడైనచో, దొరకక యింటనే దగ్గుచుండువారు పలువురు. ఈ సంగతి నెరిగియే ఆరోగ్యవరపు వైద్యులు 1948లో బి.సి.జి. టీకాలు వేయ నారంభించి, 1950 మొదలు చుట్టుపట్టు గ్రామముల ప్రజలను పరీక్షించిరి. వైద్యశాల పట్టీ కెక్కిన రోగుల సంఖ్యను బట్టి తాలూకాలోని రోగమును గణింపరాదని దీనివలన గ్రహింపవలయును.

4. 1956లో మదరాసున స్థాపింపబడిన క్షయచికిత్సా పరిశోధన కేంద్రమువారు బీదరోగులను రెండు తెగలుగా విభజించి, ఒక తెగకు శానటోరియమునందును, రెండవ తెగకు ఇంటియొద్దను ఒకే మందుల నిచ్చిరి. ఇరుకిండ్లలో నుండి, తక్కువ తిండి తినినవారికిని వైద్యశాలలోని వారితో ఇంచుమించు సమానముగ గుణము కనబడెనని 1959లో ప్రకటింపబడెను. వారి కుటుంబములకును అందువలన అధికాపాయము కలుగలేదు. కావున రోగిని ఊరినుండి వెడలగొట్టుటకు వైద్యశాస్త్రమున ఆధారము లేదు.

5. టీకా మాత్రము చాలునని తలంపరాదు. 1968లో చెంగల్పట్టు జిల్లాలో ప్రారంభమైన పరిశోధన, పెద్దలకు వచ్చు ఊపిరితిత్తుల క్షయను బి.సి.జి. ఆపలేదని తేల్చెను. శిశువులకు మెదడుపొరల క్షయవంటి ఘోరరూపములనుండి అది రక్షణ మిచ్చును గనుక విడువరాదు.

6. ఉద్యోగులు గమనింపవలసినవి:

(అ) రెండు వారములకు మించి దగ్గు గలవారిని గల్ల పరీక్షకు పంపవలయును. విపణివీధుల కూలీలను, పారిశుద్ధ్య పనివారిని ముందుగా విచారింపవలయును.

(ఆ) సామాన్య క్షయకు మందు సాధారణముగ ఆరు నెలలు పుచ్చుకొనవలయును. రెండు నెలలలో దగ్గు తగ్గి, కూలికి పోగలిగినవాడు మందు మానుట సర్వసాధారణము. అట్లు మానిన రోగము తిరుగబెట్టుటయే గాక, మందులకు లొంగని దగుటయు కలదు. రోగి పనికై వేరొక యూరికి బోవునపుడు ఆ యూరి ఆరోగ్యశాఖకు సమాచార మంపవలయును.

(ఇ) 2012 మొదలు ప్రైవేటు వైద్యులును రోగులను ప్రభుత్వమునకు తెలుపవలసి యున్నది. 2018లో నెలకు 500 రూపాయలుగా మొదలిడిన ఆహారభృతి 2024 నవంబరునుండి 1,000 రూపాయలైనది. అది రోగికి సకాలమున చేరుచున్నదా యని విచారింపవలయును.

(ఈ) ఇండ్లకు అనుమతి నిచ్చునపుడు వెలుతురు, గాలి ప్రవేశించు కిటికీలున్నవో లేవో చూడవలయును.

(ఉ) రోగుల పేళ్లను బయల్పెట్టరాదు. అద్దెయిల్లు పోవునను భయము గలవాడు దగ్గును దాచును. దాచినకొలది ఇంటివారికి అంటించును.