గవర్నరు పని కంప్యూటరుకు చేరినప్పుడు

1932లో జబల్ దుఖాన్ చెంత చమురు వెలువడిన బహ్రెయిన్‌లో డీజిల్ బండ్లు, పడవలు నిత్యదృశ్యాలు. సముద్రపు ఉప్పుగాలి తీగల కొసలను త్వరగా తుప్పు పట్టిస్తుంది. అటువంటి చోట ఇంజను కంప్యూటరు మొరాయిస్తే, అది లేకుండానే ఇంధనపు పంపును నడపరాదా అన్న ప్రశ్న సహజం.

డీజిల్ ఇంజను వేగాన్ని నిర్ణయించేది లోనికి పోయే గాలి కాదు, చిమ్మే ఇంధనపు పరిమాణం. బాష్ సంస్థ వారి పాత వి.ఇ. పంపులో ఇంజనుతో పాటు తిరిగే గవర్నరు బరువులు, వేగం మితిమీరగానే విచ్చుకొని, ఇంధనాన్ని కొలిచే కాలరును జరిపి సరఫరాను తగ్గిస్తాయి. ఆ సంతతికే చెందిన వి.పి.37లో ఈ బరువులు లేవు. కాలరును విద్యుదయస్కాంతం ఒకవైపు కదుపుతుంది, స్ప్రింగు వెనుకకు లాగుతుంది. ఎంత కదిలినదీ సెన్సరు కంప్యూటరుకు తెలుపుతుంది. విద్యుత్తు ఆగితే ఇంధనం సున్నా. ఇది మెచ్చదగిన ఏర్పాటు.

కాబట్టి అయస్కాంతానికి బయటినుండి తగుమాత్రం విద్యుత్తు ఇస్తే ఇంజను నడుస్తుంది. అయితే నడవడం వేరు, అదుపులో ఉండడం వేరు. అల ఎగదోసినప్పుడు పడవ పంకా నీటిని విడుస్తుంది. భారం తొలగినా ఇంధనం తగ్గదు కనుక వేగం క్షణాలలో ప్రమాదస్థాయికి చేరుతుంది. అందుచేత ప్రత్యామ్నాయ సర్క్యూటు ఇంజను వేగాన్ని, కాలరు స్థానాన్ని ఎడతెగక గమనిస్తూ విద్యుత్తును సవరించాలి. అనగా అదీ ఒక చిన్న కంప్యూటరే! ఇంధనాన్ని పూర్తిగా ఆపే సోలెనాయిడ్ వాల్వుకు వేరే స్విచ్చి చేతికందేలా ఉండాలి. చిమ్మే సమయాన్ని ముందువెనుకలు చేసే వాల్వునూ మరువరాదు.

తన వీపు మీదనే మరొక కంప్యూటరును మోసే వి.పి.44 పంపుకు ఈ ఉపాయం చెల్లదు. అక్కడ వాల్వు ప్రతి చిమ్ముకూ లెక్క తప్పక మూసి తెరుచుకోవాలి.