ఒకే అక్షరం, రెండు చరరాశులు

జొన్నగిరి బంగారు గనిలో తవ్విన రాయి ఎన్ని టన్నులు, టన్నుకు ఎన్ని గ్రాముల బంగారం, అందులో ఎంత శాతం చేతికొస్తుంది: ఈ మూడూ గుణిస్తే దిగుబడి తెలుస్తుంది. టన్నుకు ఇన్ని గ్రాములనే గ్రేడును ‘జి’ అనుకుందాం. పొడిచేసిన రాయిలో బరువైన రేణువులు నీళ్లలో ఎంత వేగంగా అడుగుకు దిగుతాయో చెప్పే సమీకరణంలోనూ ‘జి’ ఉంది, కానీ అది గురుత్వ త్వరణం. మనకు తెలిసే ఈ తేడా కంప్యూటర్‌కు తెలియదు.

ఒండ్రెయ్ చెర్తీక్ 2005లో మొదలుపెట్టిన సింపై, పైథాన్‌లో రాసిన ఉచిత బీజగణిత లైబ్రరీ. అది చరరాశిని రెండింటితో గుర్తుపడుతుంది: పేరు, దానికి మనం పెట్టిన షరతులు. రెండూ కలిస్తే ఒకే రాశి. అందుకే పై రెండు ‘జి’లూ చప్పుడు లేకుండా కలిసిపోయి, గ్రేడు గురుత్వంతో కొట్టివేతకు గురవుతుంది. దీనికి తిరగేసిన తప్పు ఇంకా ఇబ్బంది. ఒకచోట ‘జి’ ధనాత్మకమని చెప్పి, మరోచోట ఊరుకుంటే అవి రెండు వేరు రాశులు. తెర మీద చూస్తే రెండూ ‘జి’లే. ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే సున్నా రాదు. విలువ ప్రతిక్షేపిస్తే ఒకటే మారుతుంది.

జొన్నగిరికి దగ్గర్లోని ఎర్రగుడి అశోకుని శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. దిశ తెలియకుండా చదివితే అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నా మాట తప్పుతుంది. సింపైలో షరతూ అంతే, కనబడకుండా అర్థాన్ని నడిపిస్తుంది.

ఆదోని, ఎమ్మిగనూరు కాలేజీల్లో గణితం, కంప్యూటర్స్ కలిపి చదువుతున్న విద్యార్థులు ఈ తప్పులను పట్టుకోవడం ఇలా మొదలుపెట్టవచ్చు. రెండు సమీకరణాలు రాసి, ఒక్కోదానికి ‘ఫ్రీ సింబల్స్’ అడిగి, జాబితాలు పోల్చండి. ‘ఎస్‌రెప్ర్’ అనే ఫంక్షన్ దాగిన షరతును బయటపెడుతుంది. చరరాశులన్నీ ఒకే ఫైల్లో ఒకేసారి ప్రకటించి మిగతా ఫైళ్లలోకి తెచ్చుకోండి. స్ట్రింగ్ రూపంలో ఇచ్చిన సమీకరణాన్ని చదివించేటప్పుడు ఏ పేరు ఏ రాశో ముందే చెప్పండి, లేకపోతే సింపై షరతుల్లేని కొత్త రాశిని పుట్టిస్తుంది. దేనితోనూ కలవకూడని రాశి కావాలంటే ‘డమ్మీ’ ఉంది.

ఇలా చరరాశులను సరిచూసే పని పేరుతో ఉద్యోగ ప్రకటన రాదు, నిజమే. రోబోటిక్స్, నియంత్రణ వ్యవస్థలు, ఇంజినీరింగ్ సిమ్యులేషన్ పనుల్లో మాత్రం ఈ చిక్కు ఎదురవుతూనే ఉంటుంది. బెంగళూరు, హైదరాబాద్ ఇంటర్వ్యూలకు వెళ్లేలోపు సింపై గిట్‌హబ్‌లో మీ పేరున ఒకటి రెండు సవరణలు ఉంటే సర్టిఫికెట్ల కట్ట కన్నా గట్టిగా మాట్లాడతాయని నా నమ్మకం. ఇలాంటి సవరణలకు దారి చూపే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ కార్యక్రమంలోనూ 2022 నుంచి విద్యార్థులే కాక, 18 ఏళ్లు నిండి ఓపెన్ సోర్స్‌కు కొత్తయినవారు కూడా చేరవచ్చు.

మొదటి సవరణ పెద్దది కానక్కర్లేదు. డాక్యుమెంటేషన్‌లో అర్థంకాని ఒక ఉదాహరణ తీసుకోండి. అందులో తప్పుంటే అది తిరిగి కనబడేలా నాలుగు వరుసల కోడ్ రాయండి. ఏం రావాలో, ఏం వచ్చిందో పక్కపక్కన పెట్టి పంపండి.