పాలుగారే పుట్టగొడుగు

శరత్కాలపు వానలు కురిసి వెలిసిన పిమ్మట స్పెయిన్ దేశంలోని కాటలోనియా కొండలపై పైన్ వనాలు కొత్త సందడిని సంతరించుకుంటాయి. బుట్టలు, చిన్న చాకులు చేతబూని కుటుంబాలకు కుటుంబాలే అడవిబాట పడతాయి. రాలిన పైన్ ఆకుల మాటున దాగిన నారింజవన్నె పుట్టగొడుగుల కోసమే ఈ వెదుకులాట. వాటిలో ప్రసిద్ధమైన దానికి శాస్త్రీయనామం ‘లాక్టేరియస్ డెలిషియోసస్’. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో దీనిని వర్ణించినపుడే ‘రుచికరమైనది’ అని అర్థమిచ్చే మాటను పేరులో చేర్చాడు.

లాక్టేరియస్ ప్రజాతికి చెందిన పుట్టగొడుగులను గాయపరిస్తే పాలవంటి ద్రవం స్రవిస్తుంది. ఆ పాలు తెల్లగానే ఉండాలన్న నియమం లేదు. డెలిషియోసస్ పాలు క్యారెట్ వర్ణంలో ఉంటాయి. మధ్యధరా తీరపు వనాలలో పెరిగే ఒక జాతి పాలు ద్రాక్షసారావలె ఎర్రనివి. ఉత్తర అమెరికాలోని మరొక జాతి పాలు నీలివర్ణంలో ఉంటాయి. అందుచేత పాల రంగు ఏమిటి, గాలి సోకిన తరువాత అది ఎలా మారుతుంది అనేవి గుర్తింపులో ప్రధానాంశాలు.

అయితే ఒక్క లక్షణంతోనే నిర్ణయానికి రావడం తగదు. అనుభవజ్ఞుడు ముందుగా చెట్టును చూస్తాడు. ఈ శిలీంధ్రాల తంతువులు చెట్ల వేళ్లను పెనవేసుకొని జీవిస్తాయి. శిలీంధ్రం చెట్టుకు నీటిని, ఖనిజ లవణాలను అందిస్తుంది. చెట్టు దానికి చక్కెరలను ఇస్తుంది. డెలిషియోసస్ చెలిమి పైన్‌తోనే. స్ప్రూస్ చెట్ల కింద దానిని పోలినదే మరొక జాతి పెరుగుతుంది. చెట్టు తరువాత గొడుగును పరిశీలించాలి. డెలిషియోసస్ గొడుగు నడుమ పల్లంగా ఉండి, దానిపై వలయాలు కనిపిస్తాయి. కాడపై చిన్న గుంటలుంటాయి. నలిగినచోట క్రమంగా ఆకుపచ్చని మచ్చ ఏర్పడుతుంది. కాడను విరిస్తే నారవలె సాగక సుద్దముక్కవలె పుటుక్కున విరుగుతుంది.

బర్చ్ చెట్ల కింద గులాబివన్నెతో, అంచున నూగుతో మరొక పాలపుట్టగొడుగు మొలుస్తుంది. దాని పాలు తెల్లనివి, మిక్కిలి కారమైనవి. పచ్చిగా తిన్నవారికి వాంతులు, విరేచనాలు తప్పవు. ఫిన్లాండ్ ప్రజలు మాత్రం దానిని ఉడికించి, ఆ నీటిని పారబోసి, పిదప ఉప్పులో ఊరవేసుకొని తింటారు. తెల్లనివన్నీ పాలు కావన్న సామెతకు ఈ వనం చక్కని నిదర్శనం.

అడవిలో ఇంతకన్న ఘోరమైన ప్రమాదం పాలు లేని ఒక పుట్టగొడుగులో పొంచి ఉంది. అది ‘అమానిటా ఫాలాయిడిస్’. ప్రపంచంలో పుట్టగొడుగుల విషం వల్ల సంభవించే మరణాలలో అధికభాగం దానివల్లనే. వంట దాని విషాన్ని నశింపజేయదు. తిన్న ఆరుగంటల వరకు, ఒక్కొక్కప్పుడు అంతకన్న ఎక్కువ సేపు ఏ బాధా తెలియదు. తరువాత వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. అవి తగ్గి కోలుకున్నట్లు కనిపించే వేళకే లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. ఆసియా దేశాల నుండి అమెరికా, ఆస్ట్రేలియాలకు వెళ్లినవారు స్వదేశంలో తిన్న వరిగడ్డి పుట్టగొడుగుగా దానిని భ్రమించి ప్రాణాలు కోల్పోయిన సందర్భాలున్నాయి. వారికి పుట్టగొడుగులు తెలియకపోలేదు. తెలిసిన నేల మారింది.

తెలుగునాట తొలకరి తరువాత పుట్టల వద్ద పుట్టగొడుగులు ఏరేవారి జ్ఞానమూ ఇటువంటిదే. అది ఆ నేలకు, ఆ ఋతువుకు చెందినది. పుస్తకంలోని బొమ్మ దానికి ప్రత్యామ్నాయం కాదు. బుట్ట నిండలేదన్న చింత ఒక పూటది. పొరపాటుకు మూల్యం ప్రాణం. సందేహం కలిగినదానిని అడవిలోనే విడిచిపెట్టగలవాడే నిజంగా పుట్టగొడుగులు ఎరిగినవాడు.

కఠిన పదాలు – అర్థాలు
పిమ్మట = తరువాత
స్రవించు = కారు
శిలీంధ్రం = బూజు, పుట్టగొడుగు మొదలైన వాటి వర్గం
ప్రత్యామ్నాయం = బదులుగా నిలిచేది

ప్రశ్నలు
1. డెలిషియోసస్‌ను గుర్తించే లక్షణాలను వివరించండి.
2. ‘తెలిసిన నేల మారింది’ – సందర్భాన్ని వివరించండి.