గ్యాసు బంకు దగ్గర ఆటో ఆగింది

జనవరి నెల. మిరప కోతల కాలం. తెల్లవారకముందే ఆటో బయలుదేరింది. ఆటో నిండా ఆడవాళ్ళే. అన్నం డబ్బాలు, నీళ్ళ సీసాలు, తలకు చుట్టుకునే పాత తువ్వాళ్ళు. ఇద్దరు చిన్నపిల్లలు కూడా ఉన్నారు. చిలకలూరిపేట దాటాక పెద్ద రోడ్డు పక్కన గ్యాసు బంకు ఉంది. ఆటో అక్కడ ఆగింది.

"అమ్మా, అందరూ దిగండి" అంది బంకులో పనిచేసే అమ్మాయి.

"ఏందమ్మా, ఈ చలిలో దింపుతావు? రెండు నిమిషాల పనేగా?" అంది వెనక సీట్లోని పెద్దామె.

"రెండు నిమిషాలే పిన్నీ. ఆ రెండు నిమిషాలే దిగమంటున్నా. దిగకపోతే గ్యాసు పట్టను."

డ్రైవరు నసిగాడు. ఆలస్యమైతే మేస్త్రి కేకలేస్తాడన్నాడు. అమ్మాయి వినలేదు. చేతులు కట్టుకుని నిలబడింది. చివరికి అందరూ దిగారు. పిల్లల్ని చంకనెత్తుకుని దూరంగా గోడ పక్కకు వెళ్ళారు. అప్పుడు ఆ అమ్మాయి చేతికి తొడుగు వేసుకుంది. ఇంజను ఆగిందో లేదో చూసింది. ఆ తర్వాతే గొట్టం తీసింది.

ఆ అమ్మాయి ఎవరో కాదు. రెండేళ్ళ కిందటి దాకా పత్తి తీసిన మనిషే. రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. బంకులో పని దొరికింది. కానీ చేరిన రోజే ఆమె చేతికి గొట్టం ఇవ్వలేదు. ముందు శిక్షణ ఇచ్చారు. గ్యాసు అంటే ఏమిటో చెప్పారు.

వంటింటి సిలిండరులో ఉండేది, చాలా ఆటోలకు పట్టేది దాదాపు ఒకే జాతి గ్యాసు. దాన్ని ఎల్పీజీ అంటారు. బాగా ఒత్తిడి పెడితే అది నీళ్ళలాగా ద్రవం అవుతుంది. సిలిండరు ఊపితే లోపల కదిలేది ఆ ద్రవమే. ఒత్తిడి పోతే మళ్ళీ గ్యాసు అవుతుంది. ఒక లీటరు ద్రవం బయటపడితే సుమారు 250 లీటర్ల గ్యాసు అవుతుంది. ఒక చెంబుడు కారితే ఒక గది ప్రమాదంలో పడుతుంది.

ఈ గ్యాసు గాలి కన్నా బరువు. అందుకే పైకి పోదు. నేలను పట్టుకుని పాకుతుంది. కాలువల్లోకి, గుంటల్లోకి దిగుతుంది. పొలంలో నీరు పల్లానికి పోయినట్టే పోతుంది. ఎక్కడో దూరాన ఒక బీడీ ముక్క, ఒక పొయ్యి, ఒక స్విచ్చి నిప్పురవ్వ తగిలితే మంట వెనక్కి పరుగెత్తి వస్తుంది.

ఇది కథ కాదు. 1997 సెప్టెంబరు 14, ఆదివారం ఉదయం. విశాఖపట్నంలో హిందుస్థాన్ పెట్రోలియం శుద్ధి కర్మాగారం ఉంది. అక్కడ గ్యాసు కారింది. మేఘంలాగా పరుచుకుంది. దానికి నిప్పు అంటుకుంది. 50 మందికి పైగా చనిపోయారు. అంత పెద్ద కర్మాగారంలో అట్లా జరిగింది. రోడ్డు పక్క బంకు చిన్నదే కావచ్చు. గ్యాసు గుణం మాత్రం ఒకటే.

గ్యాసుకు స్వతహాగా వాసన లేదు. మనం గుర్తుపట్టాలనే దానికి కుళ్ళిన వాసన కలుపుతారు. 2014 జూన్ 27న తెల్లవారుజామున కోనసీమలో నగరం అనే ఊళ్ళో గ్యాసు పైపులైను పేలింది. 20 మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఇళ్ళు, కొబ్బరిచెట్లు కాలిపోయాయి. అది పైపుల్లో పారే సహజ వాయువు. దానికీ స్వతహాగా వాసన ఉండదు. వాసన కలపడం ఎంత అవసరమో ఇట్లాంటి చోట్లే తెలుస్తుంది.

మన ప్రాంతంలో ఇంకో చిక్కు ఉంది. రోజంతా మిరప కల్లంలో పనిచేసిన మనిషికి ముక్కు పనిచేయదు. ఘాటుకు ముక్కు కారుతుంది. కళ్ళు మండుతాయి. జలుబు చేసినా అంతే. అప్పుడు గ్యాసు వాసన తెలియకపోవచ్చు. అందుకే బంకులో ముక్కును ఒక్కదాన్నే నమ్మరు. గ్యాసు కారితే మోగే యంత్రాలు పెడతారు. ఇంట్లో అయితే సబ్బు నురుగు చాలు. రెగ్యులేటరు దగ్గర, గొట్టం చివర్ల దగ్గర నురుగు రాయాలి. బుడగలు లేస్తే గ్యాసు కారుతున్నట్టే. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్ళు ఇంకా ఉన్నారు. అది చావును పిలిచి చూడటమే.

శిక్షణలో ఆ అమ్మాయికి అన్నిటికన్నా కష్టమైన పాఠం గడియారం లాంటి మీటరు. ముల్లు ఏ అంకె మీద ఉందో చదవాలి. పుస్తకంలో రాయాలి. టైము వేయాలి, సంతకం పెట్టాలి. మొదట్లో 60కి, 90కి తికమకపడేది. తల్లకిందులుగా చూసేదట! ఇప్పుడు నవ్వుకుంటుంది. కానీ ఆ తికమక ఉన్నన్నాళ్ళు ఆమెను ట్యాంకు దగ్గరికి రానివ్వలేదు. అది సబబే.

ట్యాంకును ఎప్పుడూ నిండా నింపకూడదు. ఆటో ట్యాంకులో 80 వంతులు నింపి 20 వంతులు ఖాళీ వదలాలి. అంత నిండగానే గ్యాసు ఆగిపోయేట్టు ట్యాంకులోనే ఏర్పాటు ఉంటుంది. ఎందుకు వదలాలి? వేడికి ద్రవం పెరుగుతుంది. పాలు పొంగినట్టు పెరుగుతుంది. పల్నాడులో రెంటచింతల ఎండ ఎట్టా ఉంటుందో అందరికీ తెలుసు. ఆ ఎండలో ఇనుప ట్యాంకు కాలిపోతుంది. లోపల చోటు లేకపోతే ద్రవం ఎటు పోతుంది? "ఇంకొంచెం పట్టమ్మా, డబ్బులిస్తాగా" అని డ్రైవర్లు అడుగుతారు. పట్టకూడదు.

ఇప్పుడు చేతికి తొడుగు సంగతి. గ్యాసు ద్రవం చాలా చల్లన. చర్మం మీద పడితే మంచు కాల్చినట్టు కాలుస్తుంది. బొబ్బలు వస్తాయి. అట్టా పడితే రుద్దకూడదు. మామూలు నీళ్ళు ఎక్కువగా పోయాలి. ఆసుపత్రికి వెళ్ళాలి. బట్టలు కూడా ముఖ్యమే. నైలాను చీర ఒంటికి రాసుకుంటే చిటపటమని చిన్న రవ్వలు పుడతాయి. ఆ రవ్వ చాలు గ్యాసుకు. అందుకే బంకులో నూలు బట్టలు వేసుకోమంటారు. పత్తి పండించే వాళ్ళం, నూలు కట్టుకోవడం మనకు నేర్పాలా అని ఆ అమ్మాయి అంటుంది. సెల్‌ఫోను మాత్రం జేబులో ఉండనివ్వరు.

గొట్టం పట్టుకునే పద్ధతి కూడా ఉంది. కొన్ని యంత్రాలకు ఒక బటను ఉంటుంది. దాన్ని నొక్కి పట్టుకుంటేనే గ్యాసు పారుతుంది. చెయ్యి తీస్తే ఆగుతుంది. మనిషి పక్కకు పోయి కబుర్లు చెప్పకుండా ఈ ఏర్పాటు. కొందరు ఆ బటనులో పుల్ల గుచ్చి వదిలేస్తారు. అది దొంగ తెలివి. గొట్టం ఉండగానే ఆటో కదిలితే ఏమవుతుంది? గొట్టం మధ్యలో ఒక జాయింటు ఉంటుంది. లాగితే అది విడిపోతుంది. రెండు వైపులా మూసుకుంటుంది. గోడ మీద ఎర్ర బటను కూడా ఉంది. దాన్ని ఎవరైనా నొక్కవచ్చు. నొక్కితే బంకు మొత్తం ఆగుతుంది. "తప్పుగా నొక్కినా ఎవరూ తిట్టరు, నొక్కకపోతేనే తిడతారు" అని శిక్షణలో చెప్పారు.

పెద్ద లారీ వచ్చి బంకు ట్యాంకులోకి గ్యాసు దింపే రోజు అందరికన్నా జాగ్రత్తగా ఉండే రోజు. లారీ ముఖం బయటి దారి వైపు పెట్టాలి. ఏదైనా జరిగితే వెంటనే పోగలగాలి. చక్రాల కింద చెక్కలు పెట్టాలి. నేలలోకి పోయే తీగను లారీకి తగిలించాలి. లారీ మీద పేరుకున్న కరెంటు రవ్వ పుట్టించకుండా దాని గుండా భూమిలోకి పోతుంది. ఆ తీగ తగిలించకుండా గొట్టం బిగించకూడదు. ముందు ట్యాంకులో ఎంత చోటుందో మీటరు చూడాలి. దించేంతసేపూ ఒక మనిషి అక్కడే ఉండాలి. లారీ డ్రైవరు రాత్రంతా నడిపి వచ్చి ఉంటాడు. నిద్ర పోనివ్వకూడదు పాపం.

మంట వస్తే ఏం చేయాలి? ఎర్ర సిలిండరులో ఆర్పే పొడి ఉంటుంది. పిన్ను లాగాలి. గాలి వీపు వైపు నుంచి వచ్చేట్టు నిలబడాలి. మంట పైన కాదు, మొదట్లో కొట్టాలి. అది కొన్ని క్షణాలే వస్తుంది. ఇక్కడ ఒక వింత మాట ఉంది. గ్యాసు కారుతూ మండుతుంటే, వాల్వు కట్టలేకపోతే, ఆ మంటను ఆర్పకూడదు. ఆర్పితే గ్యాసు కారుతూనే ఉంటుంది. కనపడకుండా పోగవుతుంది. ఇంకోచోట నిప్పు దొరికి ఒక్కసారిగా లేస్తుంది. అందుకే ముందు వాల్వు కట్టాలి. కుదరకపోతే మనుషుల్ని దూరం పంపాలి. పక్క ట్యాంకుల్ని నీళ్ళతో చల్లబరచాలి. ఆ పని అగ్నిమాపక దళానిది. వాళ్ళ నంబరు 101. వంటగ్యాసు కారితే 1906కు ఫోను చేయాలి. రాత్రైనా పగలైనా పలుకుతారు.

కొన్ని ఆటోలకు సీఎన్జీ పడతారు. అది వేరు. ద్రవం కాదు, గాలి కన్నా తేలిక. కారితే పైకి పోతుంది. కానీ దాని ఒత్తిడి చాలా ఎక్కువ. ఆటో చక్రంలో గాలి కన్నా ఎన్నో రెట్లు. అందుకే దాని సిలిండరును 3 ఏళ్ళకోసారి పరీక్ష చేయించాలి. ఆ తేదీ రేకు మీద ఉంటుంది. తేదీ దాటితే బంకులో గ్యాసు పట్టకూడదు.

ఇదంతా గోడ పక్కన నిలబడి ఆ పెద్దామె కొంత విన్నది.

"మా పక్క సందులో ఒకాయన ఇంటి సిలిండరు నుంచి ఆటోలకు ఎక్కిస్తాడమ్మా. చిన్న మోటారు పెడతాడు. చవకంట" అంది.

అమ్మాయి మొహం మారింది. "తలుపులు మూసే ఎక్కిస్తాడుగా పిన్నీ?"

"మూసే. పోలీసులు చూస్తారని."

"మూసిన గది. నేల మీద గ్యాసు. పైన మోటారు స్విచ్చి. ఆ గోడకు అవతల ఎవరుంటారు?"

పెద్దామె కాసేపు మాట్లాడలేదు. "మా మనవరాలు పడుకుంటది" అంది.

ఇంటి సిలిండరు గ్యాసును వాహనాలకు పట్టడం చట్టం ప్రకారం నేరం. ఎక్కువ నిండితే ఆపే ఏర్పాటు ఆ గదిలో ఉండదు. ఎర్ర బటను ఉండదు. 1999లో దీపం పథకం వచ్చాక డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళ ఇళ్ళకు గ్యాసు చేరింది. కట్టెల పొగ తప్పింది. ఆ సిలిండరే చీకటి గదిలో మోటారుకు తగిలిస్తే అది వేరే వస్తువు అవుతుంది. పెద్దామె ఆ వారమే సంఘం మీటింగులో ఆ సంగతి లేవనెత్తింది. నలుగురు ఆడవాళ్ళు కలిసి ఆ ఇంటికి వెళ్ళారు. మోటారు తీయకపోతే తహసీల్దారు దగ్గరికి పోతామన్నారు. అతను గొణిగాడు. కానీ మోటారు తీశాడు.

కోతలు ఇంకా అయిపోలేదు. ఒక సాయంత్రం ఆటో మళ్ళీ బంకు దగ్గర ఆగింది. ఎవరూ చెప్పకముందే పెద్దామె దిగింది. పిల్లల్ని గోడ పక్కకు తీసుకుపోయింది. ఆమె చిన్నకోడలు స్తంభం మీది బోర్డు వంక చూస్తూ వేలితో గాలిలో గీస్తూ చదివింది.

"ఇం... జ... ను... ఆ... పం... డి."

పెద్దామె డ్రైవరు వైపు తిరిగింది.

"ఆపావా అబ్బాయ్?"

డ్రైవరు తాళంచెవి తీసి చూపించాడు.