తడిసిన బనీను

చిరంజీవి తమ్ముడికి అక్క దీవించి రాయునది.

మిరప చేలో మందు కొడుతూ నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఫోటో చూశాను. చేను నవనవలాడుతోంది, దిష్టి తగలకూడదు. కానీ నా కళ్ళు చేను మీద నిలవలేదు. ముక్కుకు తువ్వాలు చుట్టుకున్నావు, సరే. ట్యాంకు కింద బనీను తడిసి వీపుకి అతుక్కుపోయి ఉందే! చెమటంటావు. ట్యాంకు కారుతోందని మొన్న ఫోన్లో నువ్వే అన్నావుగా.

మందు ముక్కులోంచే పోతుందనుకుంటాం గానీ, చేలో కొట్టేవాడికి ఎక్కువగా ఎక్కేది చర్మంలోంచే. పారాథియాన్ అనే మందుని మనుషుల ఒంటికి రాసి చూసిన పాత పరీక్ష ఒకటుంది. ముంజేతి దగ్గర నూటికి 9 వంతులు లోపలికి పోతే, నుదుటి దగ్గర 36, చంకల్లో 64 పోయాయి. గజ్జల మధ్య మెత్తటి చర్మంలోంచి దాదాపు మొత్తం పోయింది. అక్కని, పైగా నర్సుని, నాకు సిగ్గేమిటి? లుంగీ తడిసిందంటే సాయంత్రం దాకా ఆగకు. అక్కడే విప్పి సబ్బుతో కడుక్కో.

‘ఇన్నాళ్ళూ ఏం కాలేదు కదక్కా’ అంటావు. నాన్నా అదే అనేవాడు. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదేవాడు, గుర్తుందా? రాత్రికి తల దిమ్మెక్కితే ఎండదెబ్బనుకుని మజ్జిగ తాగి పడుకునేవాడు. వార్డులో ఇన్నేళ్ళు పనిచేశాక, అది ఒట్టి ఎండే అంటే నమ్మబుద్ధి కావడం లేదు.

మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటివాటి పని ఇది: నరం కండరానికి కబురు పెడుతుంది. పనయ్యాక ఆ కబురుని చెరిపేసే ఎంజైమ్ ఒకటుంది, కోలినెస్టెరేజ్. మందు దాన్ని కట్టేస్తుంది. ఇక కబురు ఆగదు. చెమట ధారలు కడుతుంది, నోట చొంగ కారుతుంది, కండలు అదురుతాయి, కంటిపాప సూదిమొనంతవుతుంది, ఊపిరి ఆడదు. పోయిన ఎంజైమ్ ఎర్రరక్తకణాల్లో రోజుకి నూటికి ఒక వంతు చొప్పున మాత్రమే తిరిగొస్తుంది. సోమవారం నీ చేలో, గురువారం పక్కవాళ్ళ చేలో కూలికి కొట్టావంటే పాత లోటు పూడకముందే కొత్త లోటు. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది మొదటిరోజు పడిపోయినవాళ్ళు కాదు.

2017లో మహారాష్ట్రలోని యవత్మాళ్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు. ఆ ఏడు పత్తి మనిషెత్తు పెరిగింది, కొట్టిన మందు మొహాన్నే పడింది. నీ పత్తి కూడా భుజం దాటుతుంది కదా, అప్పుడు జాగ్రత్త.

డబ్బా మీద బొమ్మలో ఉండే ఆ కోటూ టోపీ వేసుకోమని నేను చెప్పను. మన ఎండలో అరగంటకే సొమ్మసిల్లుతావు. ముందు ట్యాంకు బాగు చేయించు. పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు వేసుకో, వీపుకీ ట్యాంకుకీ మధ్య ప్లాస్టిక్ పట్టా కట్టుకో. చల్లపొద్దునే గాలికి వీపు పెట్టి కొట్టు. కలిపేటప్పుడు చేతిలో ఉండేది చిక్కటి మందు, గ్లౌజులు అప్పుడే ఎక్కువ అవసరం. కర్రతో కలుపు, చేత్తో కాదు. డబ్బా మీద ఎర్ర గుర్తుంటే అది అన్నిటికన్నా విషం. మందు కొట్టినప్పటి బట్టలు మరదలి చేత ఉతికించకు, వట్టి మనిషి కాదు. నువ్వే విడిగా ఉతుక్కో.

ఎవరైనా పడిపోతే చింతపండు రసాలూ అవీ తాగించకండి. బట్టలు విప్పి ఒళ్ళు కడిగి, మందు డబ్బాతో సహా ఆస్పత్రికి తీసుకురండి. మోనోక్రోటోఫాస్ లాంటిదని తెలిస్తే విరుగుడు అట్రోపిన్ వెంటనే మొదలుపెడతాం. గడ్డిమందు పారాక్వాట్‌కైతే విరుగుడే లేదు.

ఇంకోటి. దొడ్లో తొట్టి దగ్గర నీళ్ళు ముంచుకునే ఆ తెల్ల డబ్బా ఒకప్పుడు మందుదే, అమ్మ కడిగి పెట్టింది. 2013లో బీహార్‌లో బడి భోజనం తిని 23 మంది పిల్లలు పోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసింది, నూనె పోసిన డబ్బా అంతకుముందు మందుది. మన డబ్బాకి చిల్లులు పొడిచి, బావికి దూరంగా పూడ్చిపెట్టు. పూడ్చాక ఒక ఫోటో పెట్టు. అమ్మ అలిగితే స్టీలు చెంబు నేను కొనిస్తానని చెప్పు.

మీ అక్క